సాయంత్రం నాలుగు గంటల సంతకం

జూన్ 1, ఆదివారం

ఏ పుస్తకమైనా రాయడం మొదలుపెట్టే ముందు దాని నిర్వహణకు ఒక పద్ధతి నిర్ణయించుకోవాలి. పద్ధతి లేని రాత ఫిర్యాదు అవుతుంది. పద్ధతి గల రాత రికార్డు అవుతుంది. ఆనందపురం అవతల ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పదిహేనేళ్లు మెడికల్ ఆఫీసరుగా ఉండి, నెలకు ఇరవై రెండు రకాల రిపోర్టులు పంపినవాణ్ణి కనుక ఈ తేడా నాకు తెలుసు.

కావున ఈ డైరీ డాక్టర్ కొండలరావు, వయస్సు నలభై ఆరు, ప్రభుత్వ డాక్టర్లకిచ్చే ఇన్‌సర్వీస్ కోటాలో ఎం.డి. జనరల్ మెడిసిన్ మొదటి సంవత్సరం చదువుతున్న వ్యక్తికి సంబంధించినది. రాసేదీ అతడే, చదివేదీ అతడే, తప్పులు దిద్దేదీ అతడే. మరెవరైనా చదివినచో ఆ చదువు చెల్లదు. ఇందులో జరిగిన విషయాలు మాత్రమే ఉంటాయి. అనిపించిన విషయాలు ఉండవు. ఏదైనా మరీ గట్టిగా అనిపించిన పక్షంలో ఇరవై నాలుగు గంటలు వేచి చూసి, అప్పటికీ అనిపిస్తూనే ఉంటే పరిశీలించబడును.

డైరీ అవసరం ఎందుకు వచ్చిందంటే, పెందుర్తిలో మా ఇంట్లో నేను గోడతో మాట్లాడుతున్నానని నా భార్య రాధ గమనించింది. "ఆ గోడ మాత్రం ఎంతకని వింటుందండీ? పుస్తకంలో రాసుకోండి" అంది.

గోడతో నేను మాట్లాడలేదు. సోమవారం రౌండ్స్‌లో చెప్పవలసిన కేసులను సాధన చేశాను.

జూన్ 2, సోమవారం

నాకంటే ఏడాది సీనియరైన రోహిత్ వయస్సు ఇరవై ఏడు. నేను అతణ్ణి సార్ అంటాను. అతడు నన్ను "కొండలరావ్, ఆ రిపోర్టేదీ?" అంటాడు. ఇది అవమానం కాదు, క్రమం. నాతోపాటు చేరిన చంద్రికకు ఇరవై ఆరు. గాజువాక అమ్మాయి. ఆమె ఒక్కతే నన్ను బాబాయ్ అంటుంది. మా యూనిట్ చీఫ్ ప్రొఫెసర్ గుణశేఖర్ ఎం.బి.బి.ఎస్.లో నా బ్యాచ్‌మేటు. ఐదేళ్లు ఒకే గది, ఒకే బకెట్టు. వార్డులో అతడు నన్ను మీరు అంటాడు. గది తలుపు వేశాక బావా అంటాడు.

ఈ రోజు తలుపు వేసి మెచ్చుకున్నాడు.

"రిజిస్టరు బెమ్మాండంగా ఉంది బావా. ఏ ఇన్‌స్పెక్షనోడొచ్చినా నోరెత్తలేడు. ఆ కుర్రోళ్లకి రాతెక్కడొచ్చు? నీ రాత ముత్యాలు."

"ఏదైనా తేడా వస్తే?"

"ఏటి తేడా? నాను లేనా?"

డ్యూటీ గంటల రిజిస్టరు గురించి ఇక్కడ నమోదు చేయడం అవసరం. కాగితం ప్రకారం రెసిడెంట్ డాక్టరు, అంటే మాలాగ పి.జి. చదువుతూ వార్డులో పనిచేసేవాడు, ఉదయం ఎనిమిదికి వచ్చి సాయంత్రం నాలుగుకు వెళ్తాడు. ఆచరణలో ఒక ఉదయం వచ్చి మర్నాడు రాత్రి వెళ్తాడు. పూర్వం వెళ్లే సంతకాన్ని సాయంత్రం పెట్టించడానికి ప్రయత్నించేవారు. నాలుగు గంటలకు ఎవరికీ చేయి ఖాళీ ఉండక గడులన్నీ బోసిగా మిగిలేవి. బాధ్యత నాకు అప్పగించాక నేను స్కేలుతో గీతలు గీసి, వచ్చిన సంతకం, వెళ్లిన సంతకం రెండూ ఉదయం ఎనిమిదికే పెట్టించే పద్ధతిని ప్రవేశపెట్టాను. పేర్లూ గంటలూ నేనే నింపుతాను. గత నాలుగు నెలలలో ఒక్క గడి కూడా ఖాళీగా లేదు.

"ఇంకా రాని సాయంత్రానికి ఇప్పుడే సంతకం ఎలా పెడతాం బాబాయ్?" అని చంద్రిక మొదట్లో అడిగింది. సౌలభ్యం కోసం అని చెప్పాను. పెట్టింది.

జూన్ 3, మంగళవారం

విధులు యథావిధిగా నిర్వర్తించబడినవి.

జూన్ 4, బుధవారం

మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు మగవారి వార్డు పద్నాలుగో మంచంపై ఉన్న తాతబాబు, వృత్తి సముద్రంలో చేపల వేట, వయస్సు యాభై ఎనిమిది, షుగరు వ్యాధిగ్రస్తుడు, ఒళ్లంతా చెమటలు పట్టి పిలిస్తే పలకని స్థితికి చేరుకున్నాడు. కేస్ షీటులో ఇన్సులిన్ నాలుగు యూనిట్లు అని ఉండవలసిన చోట నలభై అని ఉంది. రాసింది చంద్రిక. నర్సు రాసినంతా ఇచ్చింది.

తప్పును కనిపెట్టింది కూడా చంద్రికే. పరుగెత్తుకొచ్చి తానే నరంలోకి గ్లూకోజ్ ఎక్కించింది. ఇరవై నిమిషాలకు తాతబాబు కళ్లు తెరిచాడు.

"ఏటమ్మా, అందరూ నా సుట్టూ సేరిపోనారు? నాను పోనానేటి?"

చంద్రిక మంచం పక్కన నేలపై కూర్చుండిపోయింది. చేతిలో సిరంజి అలాగే ఉంది. వార్డు ఆయా సన్యాసమ్మ వచ్చి సిరంజి తీసుకుంది.

"నిన్న నాను డ్యూటీ దిగినప్పుడు ఈ పిల్ల ఇక్కడే ఉన్నాది. ఇయ్యాల ఎక్కినప్పుడూ ఇక్కడే ఉన్నాది. మనిసేనా, మిసనా? డాక్టరుగారా, మీరైనా సెప్పరేటి?"

"ఆ పిల్లనేటీ అనకండి" అన్నాడు తాతబాబు. "రేతిరల్లా తిరగతానే ఉన్నాది. నాను సూత్తానే ఉన్నాను."

ఆమె మంగళవారం ఉదయం ఎనిమిదికి డ్యూటీ ఎక్కింది. ముప్పై ఒక గంటల పది నిమిషాలు. రిజిస్టరు ప్రకారం ఏడు గంటల పది నిమిషాలు.

జూన్ 5, గురువారం

జరిగిన ఘటనపై నర్సింగ్ విభాగం నుంచి నివేదిక ప్రిన్సిపాల్ గారికి వెళ్లింది. విచారణ సంఘం ఏర్పాటైంది. అధ్యక్షుడు ప్రొఫెసర్ గుణశేఖర్. తన యూనిట్‌లో జరిగిన పొరపాటుపై తానే విచారణ జరపడం వల్ల కాలయాపన ఉండదని ఉత్తర్వులో ఉంది.

వార్డులో "డాక్టర్ కొండలరావు, మీరు నా గదికి రండి" అన్నాడు. తలుపు వేశాడు.

"బావా, నిన్ను రెండు ముక్కలు అడుగుతారు. రిజిస్టరు ఎలాగుందో అలాగ సెప్పు. అంతకి మించి మాటాడకు."

"మరి ఆ అమ్మాయి?"

"నాను సూసుకుంటాను. మన పిల్లే కదేటి. నీకు పరీచ్చలో ఎగ్జామినర్ని నానే, ఆ పిల్లకీ నానే. ఎవులికేటవుద్ది?"

బిస్కెట్లు కూడా తెప్పించాడు. ఒకప్పుడు నా రికార్డు పుస్తకాలు చూసి రాసుకున్న మనిషి. నమ్మకూడదనడానికి లిఖితపూర్వకమైన ఆధారం ఏదీ లేదు.

జూన్ 6, శుక్రవారం

విచారణ జరిగింది. ముగ్గురు ప్రొఫెసర్లు, ఒక టేపు రికార్డరు, నేను, చంద్రిక.

"మంగళవారం రాత్రి డాక్టర్ చంద్రిక వార్డులో ఉన్నారా?"

"రిజిస్టరు ప్రకారం సాయంత్రం నాలుగు గంటలకు వెళ్లారు."

"మీరు?"

"రిజిస్టరు ప్రకారం నేను కూడా."

గుణశేఖర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అంటే పదహారు గంటలు ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకుని వచ్చి కూడా ఇంత పొరపాటు చేశారన్నమాట. అలసట అనే వాదనకు ఆధారం కనిపించడం లేదు."

"సార్, ఆ సంతకం మేం పొద్దున్నే..." అని చంద్రిక మొదలుపెట్టి ఆగింది. నా వైపు చూసింది. ఎంతసేపు చూసిందో నమోదు చేసుకోలేదు.

జూన్ 7, శనివారం

నేను చెప్పినది అబద్ధం కాదు.

జూన్ 8, ఆదివారం

సెలవు. నేను చెప్పినది అబద్ధం కాదని రాధతో అన్నాను. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తోంది. "మరి ఏమిటి?" అంది. రిజిస్టరు అన్నాను.

జూన్ 9, సోమవారం

ఉత్తర్వు వెలువడింది. డాక్టర్ చంద్రిక తగిన విశ్రాంతి పొంది కూడా నిర్లక్ష్యం వహించినందున ఆమె కోర్సు కాలాన్ని ఆరు నెలలు పొడిగించడమైనది. రెండు వారాలు వార్డు ప్రవేశం లేదు. ఆధారం: డ్యూటీ గంటల రిజిస్టరు. దస్తూరీ: డాక్టర్ కొండలరావు.

దస్తూరీని ప్రత్యేకంగా పేర్కొనవలసిన అవసరం ఏమిటని గుణశేఖర్‌ను అడిగాను. "నువ్వు చూసుకుంటానన్నావు" అని కూడా అన్నాను.

"సూసుకున్నాను కద బావా! సీటే ఎగిరిపోవలిసింది, ఆరు నెలల్తో పోనాది. సంతోసించు." తర్వాత చేతిలో ఉన్న కాగితాలు సర్దుకుంటూ అన్నాడు. "నువ్వు ఎక్కువ ఆలోసించకు. ఆ రిజిస్టర్లో నా సంతకం ఎక్కడా లేదు. ఉన్నదంతా నీ రాతే."

నాలుగో అంతస్తు మెట్ల దగ్గర చంద్రిక నిలబడి ఉంది. అక్కడి కిటికీలోంచి ఓడరేవూ, బయట లంగరు వేసిన ఓడలూ కనిపిస్తాయి. కిటికీ గట్టుపై బొగ్గు పొడి పేరుకుని ఉంటుంది. ఆమె రెండు చేతులూ నల్లగా ఉన్నాయి.

"ఇక్కడ గాలి బావుంది బాబాయ్. రోజూ వస్తున్నాను. ఇక్కడ నిలబడితే ఒక్కటే ఆలోచన వస్తుంది. మిగతావన్నీ ఆగిపోతాయి."

"తిన్నావా?"

"గుర్తులేదు. ఒక మాట అడగనా? ఆ రాత్రి..."

రౌండ్స్‌కు పిలుపు వచ్చింది. రోహిత్ సార్ పిలిచారు. వెళ్లాను.

ఆరోగ్య కేంద్రంలో ఉన్నప్పుడు, ఇలాంటి మాట ఎవరి నోట విన్నా ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదని ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇచ్చింది నేనే. చార్టు కూడా గోడకు అంటించాను. అందులో మూడో బొమ్మలో కిటికీ ఉంటుంది.

జూన్ 10, మంగళవారం

రెసిడెంట్ డాక్టర్ల మానసిక సంక్షేమ కమిటీ ఏర్పాటైంది. కన్వీనర్ నేను. రాత బాగుంటుందని గుణశేఖర్ ప్రతిపాదించాడు. ఒత్తిడి తగ్గించుకునే శిబిరం ప్రతి గురువారం రెండు నుంచి నాలుగు వరకు, హాజరు తప్పనిసరి, శిబిరంలో గడిపిన రెండు గంటల పనిని నాలుగు తరువాత పూర్తిచేయాలి. నాలుగు తరువాత వార్డులో ఎవరూ ఉండరు కదా అని అడిగాను. నా ప్రశ్నను మినిట్స్‌లో చేర్చలేదు. మినిట్స్ రాసింది నేనే.

చంద్రికకు ఫోన్ చేశాను. స్విచాఫ్.

జూన్ 11, బుధవారం

ఉదయం మూడుసార్లు. స్విచాఫ్. మధ్యాహ్నం రెండుసార్లు. స్విచాఫ్. కడుపులో బాగాలేదని రోహిత్ సార్‌తో చెప్పి బయటపడ్డాను. ఈ ఏడు నెలల్లో పగటి వెలుతురులో ఆస్పత్రి గేటు దాటి బయటికి రావడం ఇది రెండోసారి.

గాజువాక బస్సులో నిలబడే వెళ్లాను. వాళ్ల నాన్న దుర్గారావు గారు స్టీలు ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. తూర్పుగోదావరి నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డవారు. తలుపు ఆయనే తీశారు.

"రండి బాబూ, కూర్చోండి. అమ్మాయి పడుకుందండి. సోమవారం సాయంత్రం వచ్చి పడుకుందండి, లేపితే మంచినీళ్లు తాగి మళ్లీ పడుకుంటందండి. ఏవైందో చెప్పదండి. మీరు బాబాయ్ గారేనా? మీ పేరు తలవని రోజు లేదండి మా ఇంట్లో."

నా చేతిలో గ్లాసు పెట్టారు. మజ్జిగ.

"ఒక్క మాటడుగుతాను, ఏవనుకోకండి. మా ప్లాంటులో డబుల్ డ్యూటీ చేసినోణ్ణి క్రేన్ ఎక్కనివ్వరండి. నాకు ఓపికుంది ఎక్కుతానన్నా చెయ్యి పట్టుకుని దింపేస్తారండి. కింద ఉండేది ఇనుమేనండి. మీ దగ్గర కింద ఉండేది మనుషులు కదండీ. మరి మీ దగ్గర దింపేవాళ్లు ఉండరాండి?"

రిజిస్టరు గురించి చెప్పబోయాను. కిటికీ గురించి చెప్పాను. ఆమె అన్నది అన్నట్టుగా, ఒక్క మాట తగ్గించకుండా చెప్పాను. పిల్లను ఒంటరిగా ఉంచవద్దనీ, ఈ సాయంత్రమే మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలనీ చెప్పి, నాకు తెలిసిన డాక్టరుకు అక్కడి నుంచే ఫోన్ చేశాను. ఆయన వెంటనే రమ్మన్నారు.

దుర్గారావు గారు లేచి వెళ్లి, అమ్మాయి గది తలుపు గడియను స్క్రూడ్రైవరుతో ఊడదీశారు.

జూన్ 12, గురువారం

వాళ్లు వెళ్లారు. డాక్టరు చూశారు. మందులు మొదలయ్యాయి. తల్లి పక్కనే పడుకుంటోంది.

జూన్ 3 నాటి నమోదు అసంపూర్ణంగా ఉన్నందున ఈ క్రింది విధంగా సవరించడమైనది.

మంగళవారం రాత్రి వార్డులో అరవై ఒక్క మంది రోగులు. డ్యూటీలో చంద్రిక, నేను. రెండు గంటలకు ఒక రోగి పేరు పిలవబోయి మా ఆరోగ్య కేంద్రం డ్రైవరు పేరు పిలిచాను. "మీరు పడుకోండి బాబాయ్. ఒక గంటలో లేపుతాను. ఆ తర్వాత నేను పడుకుంటాను" అంది చంద్రిక. ఇద్దరిలో ఒకరు ఒక గంట, ఇంకొకరు ఇంకో గంట. ఇది మా ఏర్పాటు, ఏ రిజిస్టరులోనూ లేదు. స్టోర్ రూములో బల్ల మీద పడుకున్నాను.

ఆమె లేపలేదు. ఆరున్నరకు నాకే మెలకువ వచ్చింది. నా ముప్పై మందినీ తనే చూసింది. "మీరు చిన్నపిల్లాడిలా పడుకున్నారు బాబాయ్, లేపబుద్ధి కాలేదు" అని నవ్వింది. మర్నాడు ఆమె రాతలో నాలుగు యూనిట్లు కాస్తా నలభై అయ్యాయి.

తాతబాబు నా పేషెంటు.

ఇది నాకు శుక్రవారం నాడు విచారణలో గుర్తుంది. శనివారం కూడా గుర్తుంది. ఆదివారం చిక్కుడుకాయల దగ్గరా గుర్తుంది. ఆమె సోమవారం మెట్ల దగ్గర అడగబోయింది ఇదే. ఆ రోజు రోహిత్ సార్ నన్ను పిలవలేదు.

జూన్ 13, శుక్రవారం

కేస్ షీటులో ఏ నోటు రాసినా పక్కన గంట వేయడం రెసిడెంట్ల అలవాటు. రిజిస్టరుకు సాయంత్రం నాలుగే తెలుసు. కేస్ షీట్లకు రాత్రంతా తెలుసు. మెడికల్ రికార్డ్స్‌కు వెళ్లి ఆ రాత్రివి తీయించాను. ఒంటిగంట నలభై, రెండు పది, రెండు యాభై ఐదు, మూడున్నర, నాలుగు ఇరవై, ఐదు. అన్నీ చంద్రిక రాత. రెండు దాటాక నా రాత ఎక్కడా లేదు.

నకళ్లు జతపరిచి, సంతకాలు ఉదయమే పెట్టించింది నేనని, నా రోగులను ఆమె చూస్తుండగా నేను నిద్రపోయానని, విచారణలో నేను చెప్పినది అబద్ధమని మూడు పేజీలు రాసి ప్రిన్సిపాల్ ఆఫీసులో ఇచ్చాను. రసీదు తీసుకున్నాను.

గుణశేఖర్ వార్డులోనే, అందరి ముందూ, "ఏట్రా ఇది?" అన్నాడు. మీరు అనడం మరిచిపోయాడు.

జూన్ 17, మంగళవారం

విచారణ సంఘం నా నిజాయితీని హర్షించింది. కేస్ షీట్లను పరిశీలించి, డాక్టర్ చంద్రిక ఆ రాత్రి వార్డులో ఉన్నారని నిర్ధారించింది. అందువల్ల నిర్లక్ష్యం ఆరోపణను కొట్టివేసింది. నాలుగు గంటలకు వెళ్లినట్టు సంతకం చేసి వెళ్లకపోవడం అనధికార ప్రవేశం కనుక ఆరు నెలల పొడిగింపును ఆ పద్దు కింద కొనసాగించింది. అదే నేరానికి నాకూ ఆరు నెలలు. రిజిస్టరును ఆ రీతిలో నిర్వహించమన్నది ఎవరు అన్న అంశం సంఘం పరిధిలోకి రాదు.

సాయంత్రం గుణశేఖర్ తలుపు వేశాడు.

"కోపం ఉంచుకోకు బావా. పైనోళ్ల వొత్తిడి. ఒక సర్క్యులర్ కావాలి. ఇకమీద నాలుగు తర్వాత వార్డులో ఎవులున్నా దానికో దారి ఉండాలి, ఆలు డాక్టర్లుగా ఉన్నారని మాత్రం రికార్డులో పడకూడదు. నీలాగ ఎవులు రాయగలరు? అది రాసియ్యి, ఆ పిల్ల ఆరు నెల్లనీ మూడు సేసెత్తాను. మా అమ్మ మీద ఒట్టు."

వాళ్ల అమ్మ సూర్యకాంతమ్మ గారు హాస్టల్‌కు సున్నుండలు పంపేది. నాకు విడిగా ఒక డబ్బా.

రాసిచ్చాను.

జూన్ 21, శనివారం

సర్క్యులర్ అన్ని వార్డులలో అంటించారు. చంద్రిక ఆరు నెలలు ఆరు నెలలుగానే ఉన్నాయి. గుణశేఖర్ గది తలుపు ఈ మధ్య తెరిచే ఉంటోంది. "మీరు దరఖాస్తు పెట్టుకోండి డాక్టర్, పరిశీలిద్దాం" అన్నాడు.

రాధకు మొదటి నుంచీ అంతా చెప్పాను. "ఆయన మీకు చేసింది సరే. మీరు ఆ పిల్లకు చేసిందో?" అంది. ఇరవై నాలుగు గంటలు వేచి చూశాను. ఇంకా అనిపిస్తూనే ఉంది.

జూన్ 30, సోమవారం

చంద్రిక తిరిగి వచ్చింది. మందులు వాడుతోంది, ముఖం కాస్త తేటపడింది. రాత్రి డ్యూటీలు వద్దని మానసిక వైద్యుడు రాసిచ్చిన కాగితాన్ని ఆఫీసువారు తీసుకున్నారు. రాత్రి డ్యూటీలు రికార్డులో లేవు కనుక మినహాయింపు అవసరం లేదని తిప్పి ఇచ్చారు. ఇకపై ఆమె రాత్రులు నేను చేస్తానని నోటిమాటగా చెప్పాను. సరేనని తల ఊపింది, నా వైపు చూడకుండా.

సర్క్యులర్ ప్రకారం నాలుగుకు డాక్టర్లందరినీ వార్డు బయటికి పంపారు. నాలుగు దాటాక పేషెంట్ల బంధువులతోపాటు గేటు దగ్గర వరుసలో నిలబడ్డాం. నాకంటే ముందు ఆమె. సామాను తీసుకుని ఇంటికి బయలుదేరడానికైనా లోపలికి పోవాలి కదా.

సెక్యూరిటీ గార్డు నూకాలు పాసు పుస్తకం తెరిచింది. "పేసెంటు పేరేటమ్మా?"

"అరవై మంది ఉన్నారు."

"ఒకలి పేరు సెప్పు. ఆలికి నువ్వేటవుతావు?"

"డాక్టర్ని."

"అది కాదమ్మా, సుట్టరికం ఏటి? కూతురా, కోడలా? ఈ గడి నింపకపోతే నా ఉద్యోగం పోద్ది."

వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. చంద్రిక కూడా నవ్వబోయి, నన్ను చూపించింది.

"ఈ కొండలరావు గారిని అడగండి. రూలు రాసింది ఈయనే."

నూకాలు నా వైపు తిరిగింది. సర్క్యులర్‌లోని చివరి నియమాన్ని నేను చూడకుండానే చదివి వినిపించాను.

"సాయంత్రం నాలుగు గంటల తరువాత వార్డులో ఉండదలచిన ప్రతి డాక్టరూ రోగి బంధువులకు ఇచ్చే పాసు తీసుకొనవలెను. 'రోగికి ఏమవుతారు' అను గడిని ఖాళీగా వదలరాదు. అందు 'డాక్టరు' అని వ్రాసినచో పాసు చెల్లదు. ఈ నియమమే తుది. దీనిపై విన్నపములు స్వీకరించబడవు."